స్లాబు పోసేరోజే నాలుగు హుక్కులు: బడిగదులు గీసే ఇంజనీర్లకు ఒక తండ్రి బహిరంగ లేఖ

ఇంజనీరు గార్లకు,

నమస్కారం. బడులకూ అంగన్‌వాడీలకూ, ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలకూ ప్లాన్లు గీసేవాళ్ళు, ఎస్టిమేట్లు వేసేవాళ్ళు, ఎం-బుక్కులో కొలతలు రాసి బిల్లు చేసేవాళ్ళు, మీ అందరికీ ఈ ఉత్తరం. ఆటిజం లాంటివి ఉన్న పిల్లలకి కూడా సరిపడేలా గది కట్టమని, స్లాబులో ఉయ్యాలకి హుక్కులు వదలమని అడగడానికే రాస్తున్నాను. మీలో కొందరి కింద నేను పనిచేశాను. పేరు చెబితే గుర్తుపడతారు కానీ ఇక్కడ నా పేరుతో పనిలేదు. పల్నాడులో సైట్ సూపర్‌వైజర్‌ని, చదివింది సివిల్ డిప్లొమా. 19 ఏళ్ళలో బడిగదులే ముప్పైకి పైగా కట్టించాను, అంగన్‌వాడీలు లెక్కపెట్టుకోలేదు. స్లాబు కింద నిలబెట్టే సెంట్రింగ్ కర్ర ఎక్కడ లూజుగా ఉందో కాలితో తట్టి చెప్పగలను. ఆ గదిలో కూర్చునే పిల్లకి ఆ గది ఎలా ఉంటుందో మాత్రం మొన్నమొన్నటిదాకా ఆలోచించలేదు.

మా పాపకి ఎనిమిదేళ్ళు. ఆటిజం ఉంది. మాటలు తక్కువ, చెవులు మాత్రం మహా చురుకు. వీధి చివర ఐస్‌క్రీం బండి గంట మా అందరికంటే ముందు తనకే వినపడుతుంది. మిక్సీ వేసేముందు వాళ్ళమ్మ తనకి చెప్పి వేస్తుంది. మా ఇంట్లో కుక్కర్ విజిల్ వినపడి చాలా కాలమైంది.

పోయిన జూన్‌లో బళ్ళు తెరిచినప్పుడు తనని ఒక బడిలో దింపడానికి వెళ్ళాను. తనకి ఇచ్చిన గది నేను నాలుగేళ్ళ కిందట కట్టించిందే. అద్దంలా మెరిసే విట్రిఫైడ్ టైల్స్ నేనే పట్టుబట్టి వేయించాను. గోడలకి రెండు పూతల లప్పం, పైన ఎనామిల్ పెయింట్. స్లాబు అడుగు నున్నగా తీర్చి ఇచ్చాం. పని చూడటానికి వచ్చిన పెద్దసారు నా భుజం తట్టిన గది అది. పాప గడప దాకా వచ్చింది. లోపల పాతికమందికి పైగా పిల్లలు. రెండు చేతులతో చెవులు మూసుకుని వెనక్కి తిరిగి పరుగెత్తి, వేపచెట్టు మొదట్లో బెరడుకి వీపు ఆనించి కూర్చుంది. టీచరమ్మ మంచిది, కేకలు వేయలేదు. “కాసేపు అక్కడే ఉండనివ్వండి అన్నా” అంది.

పిల్లలంతా అన్నానికి వెళ్ళాక ఆ ఖాళీ గది మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టాను. ఆ చప్పుడు గోడకి తగిలి తిరిగొచ్చి, స్లాబుకి తగిలి మళ్ళీ వచ్చి, మూలల్లో కాసేపు గింగిర్లు తిరిగి గానీ పోలేదు. ప్లాస్టరింగ్ బోలుగా ఉందేమోనని గోడలు తట్టి చూడటం నాకు అలవాటు. గదిని వినడానికి చప్పట్లు కొట్టింది మాత్రం ఆ రోజే.

మీకు లెక్కలంటే ఇష్టం కాబట్టి లెక్కే చెబుతాను. 20 అడుగుల పొడవు, 20 వెడల్పు, 11 ఎత్తు. మనం రోజూ కట్టే గదే. లోపలి ఖాళీ 4,400 ఘనపుటడుగులు. నేల, స్లాబు, గోడలు కలిపి 1,680 చదరపు అడుగులు. టైలూ లప్పం గోడా తమ మీద పడ్డ శబ్దంలో నూటికి రెండు మూడు వంతులే మింగుతాయి, మిగతాదంతా తిప్పికొడతాయి. తలుపులూ కిటికీలూ మూసి ఖాళీ గదిలో చప్పుడు చేస్తే అది చచ్చిపోవడానికి నాలుగైదు సెకన్లు పడుతుంది. కిటికీలు తెరిచి పాతికమంది పిల్లల్ని కూర్చోబెట్టినా ఒక సెకను దాటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ఇచ్చిన మార్గదర్శకాల్లో తరగతి గదికి రాసింది 0.6 సెకను. ఎక్కువ తక్కువలు మీ దగ్గర అకౌస్టిక్స్, అంటే శబ్దశాస్త్రం, చదివినవాళ్ళు సరిచేస్తారు గానీ, తేడా మాత్రం చెవితోనే తెలుస్తుంది. టీచరు చెప్పిన ‘అ’ ఇంకా గాల్లో ఉండగానే ‘ఆ’ వచ్చి దాని మీద పడుతుంది. మామూలు పిల్లలు సర్దుకుపోతారు. మా పాపకి అది ఒకేసారి పది రేడియోలు పెట్టినట్టు ఉంటుంది కాబోలు. తను చెప్పలేదు, నేను ఊహిస్తున్నాను.

ఈ లెక్క వెనకాల ఒక కథ ఉంది. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన లెక్చర్ హాల్లో పాఠం ఎవరికీ అర్థం కావడం లేదని వాలెస్ సబైన్ అనే కుర్ర ఫిజిక్స్ మాస్టారికి చూడమని అప్పగించారు. అక్కడ చప్పుడు ఐదున్నర సెకన్లు నిలిచేది. ఆయన రాత్రిళ్ళు వేరే హాలు నుంచి కుర్చీల మెత్తలు మోసుకొచ్చి, ఇన్ని మెత్తలకి ఎంత తగ్గింది, అన్ని మెత్తలకి ఎంత తగ్గింది అని ఆర్గన్ గొట్టం మోగించి, స్టాప్‌వాచ్ పట్టుకుని కొలిచాడు. తెల్లవారేలోగా మెత్తలన్నీ మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టేయాలి. ఆయన పెట్టుకున్న కొలమానం ఏమిటో తెలుసా? తెరిచిన కిటికీ. దాని మీద పడ్డ శబ్దం తిరిగి రాదు కదా. మీ పుస్తకాల్లో ఆయన పేరుతో ఉన్న సూత్రం ఆ మెత్తల మోతలోంచి పుట్టిందే.

మనకి మెత్తలకేం కొదవ? పాత చీరలతో కుట్టిన బొంతలు ప్రతి ఇంట్లో ఉంటాయి. కోనసీమ నుంచి కొబ్బరిపీచు చాపలు వస్తాయి. కొత్తగా కట్టేదైతే స్లాబు అడుగున సగం మేర చెక్కపీచు సిమెంటు బోర్డు బిగిస్తే, ప్లాస్టరింగ్ ఖర్చులో కొంత అక్కడే మిగులుతుంది. గోతాలు కూడా పనికొస్తాయి, కాకపోతే మా గుంటూరు వైపువాళ్ళకి ఒక మాట: మిర్చి యార్డు గోతాలు మాత్రం వాడకండి. ఒకసారి ఆ ముచ్చటా అయింది, గదంతా తుమ్ములు. కోడిగుడ్ల అట్టలు అంటిస్తే శబ్దం తగ్గుతుందని కొందరంటారు. అంగన్‌వాడీల్లో గుడ్లు ఇస్తారు కాబట్టి అట్టలకి కరువు లేదు. కానీ అవి మింగేది బహు తక్కువ, నిప్పు అంటుకుంటే క్షణాల్లో పోతాయి. థర్మాకోల్ కూడా అంతే. పిల్లల గదిలో ఆ రెండూ వద్దు.

గదిలో చప్పుడు ఒక్క ఆటిజం పిల్లల సంగతి అనుకోకండి. వినికిడి మిషన్ పెట్టుకున్న పిల్లవాడిని తీసుకోండి. ఆ మిషన్ టీచరు గొంతునీ పెంచుతుంది, బెంచీ ఈడ్చిన చప్పుడునీ పెంచుతుంది, గోడ తిప్పికొట్టిన ప్రతిధ్వనినీ పెంచుతుంది. వేల రూపాయలు పోసి మిషన్ ఇప్పించి, తర్వాత వాడిని నా టైల్స్ గదిలో కూర్చోబెట్టాం. ఇక పన్నెండున్నరకి స్టీలు కంచాలు. మీరు ఎప్పుడైనా ఆ టైంకి బడి వరండాలో నిలబడ్డారా? కంచాల తొట్టి సిమెంటు గచ్చు మీద దభీమని దించుతారు. మా పాప బడి ఎగ్గొట్టింది తొంభై పాళ్ళు ఆ పూటే. తర్వాత వంట ఆయమ్మే తొట్టి కింద పాత రబ్బరు షీటు పరిచింది, పాపని అందరికంటే ఐదు నిమిషాల ముందు పిలిచి కంచం చేతికిచ్చింది. ఏ ఎస్టిమేటూ లేదు, ఏ టెండరూ లేదు.

ఇంద్రియాలు ఐదని మనం చదువుకున్నాం. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి చెప్పేదాకా మిగతావాటి గురించి నాకు తెలియదు. లోపలి చెవిలో తూకం చూసుకునే ఏర్పాటు ఒకటి ఉంది, ఊయల ఊగితే కదిలేది అదే. కీళ్ళలో, కండరాల్లో ఇంకొకటి ఉంది, కళ్ళు మూసుకున్నా చెయ్యి ఎక్కడుందో చెప్పేది. ఆకలి, దాహం, ఒంటికి వెళ్ళాలన్న సంగతి చెప్పేది మరొకటి. వీటన్నిటి నుంచి వచ్చే కబుర్లని మెదడు కలిపి సర్దుకోవడం గురించి జీన్ అయ్యర్స్ అనే అమెరికన్ ఆక్యుపేషనల్ థెరపిస్టు 1970లలో సిద్ధాంతం చేసింది. దాని మీద వాదాలున్నాయి, అవి డాక్టర్లకి వదిలేద్దాం. కట్టేవాడిగా నాకు అర్థమైంది ఇంతే: ఒకే గదిలో ఒకడికి చప్పుడు ఎక్కువవుతుంది, ఇంకొకడికి ఎంత కదిలినా చాలదు. ఒకడు జిగురు తగిలితే ఏడుస్తాడు, ఇంకొకడు మట్టిలో మోచేతుల దాకా ముంచి గానీ కుదురుకోడు. వీళ్ళని చేష్టలు చేసే పిల్లలు, మొండి పిల్లలు అనేస్తాం. గదికీ పిల్లకీ పొంతన కుదరలేదంతే.

ఇప్పుడు తాళం సంగతి.

ఒక కేంద్రంలో ఇలాంటి పిల్లల ఇంద్రియాలకి పని చెప్పే సెన్సరీ గది పెట్టారని విని ఆశగా వెళ్ళాను. ఏ ఊరో చెప్పను. గది బాగానే ఉంది. నీళ్ళ గొట్టంలో రంగు బుడగలు లేచే స్తంభం, వెలిగే దారాల తెర, మూలన బంతుల తొట్టి. బంతుల సంచీ ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పలేదు. తాళంచెవి పెద్దసారు బీరువాలో ఉంటుందట, ఆయన మీటింగుకి వెళితే గదికి కూడా సెలవే. “పిల్లలు పాడుచేస్తారండీ, ఆడిట్‌లో మేం చెప్పుకోవాలి” అన్నారు. వాళ్ళని తప్పుపట్టలేను. మూడు లక్షల సామాను తన పేరు మీద స్టాకు రిజిస్టర్‌లో ఎక్కినవాడికి ఆ టెన్షన్ ఉంటుంది. కానీ ఆ గదికి తలుపు దగ్గర బోర్డు ఉంది, ప్రారంభోత్సవం శిలాఫలకం ఉంది, లోపల పిల్ల మాత్రం లేదు.

ఆ బుడగల స్తంభం గదులకి మూలం ఎక్కడుందో వెతికి చదివాను. నెదర్లాండ్స్‌లో 1970ల చివర, బాగా తీవ్రమైన బుద్ధి మాంద్యం ఉన్నవాళ్ళని ఉంచే ఒక ఆశ్రమంలో, ఇద్దరు ఉద్యోగులు మొదలుపెట్టారు. స్నూజెలెన్ అని పేరు పెట్టారు. వాసన చూడటం, కునుకు తీయడం అనే రెండు డచ్చి మాటలు కలిపి కట్టిన పేరు. మొదట వేసింది ఒక గుడారం. ఫ్యాను గాలికి ఎగిరే కాగితం ముక్కలు, నీళ్ళలో కలిపిన సిరాని తెర మీదకి వేసిన వెలుగు, వాయించడానికి నాలుగు వాద్యాలు, ముట్టుకోవడానికి వస్తువులు, వాసన సీసాలు. అంతే. వచ్చినవాళ్ళు తమకి నచ్చినదాని దగ్గర నచ్చినంతసేపు ఉండొచ్చు. అక్కడి నుంచి కేటలాగులదాకా వచ్చేసరికి గుడారం పోయింది, ‘నచ్చినంతసేపు’ కూడా పోయింది. మనకి సామాను జాబితా ఒక్కటే అందింది.

నన్నడిగితే బుడగల స్తంభం కొనొద్దని అనను. కొనేముందు ప్రతి తరగతిలో తాళం లేని ఒక మూల కట్టండి అంటాను. ఐదడుగులు బై నాలుగడుగులు చాలు. మెట్ల కింద ఖాళీ ఉంటుంది కదా, చీపుర్లూ విరిగిన కుర్చీలూ పడేసే చోటు, అది అయినా సరే. మూడడుగుల ఎత్తు గోడ ఒకటి కడితే కూర్చున్న పిల్లకి గది కనపడదు, నిలబడ్డ టీచరుకి పిల్ల కనపడుతుంది. తలుపు వద్దు, తెర చాలు. వచ్చే దారి ఒక చక్రాల కుర్చీ పట్టేంత ఉండాలి. కింద బొంత, పక్కన గట్టి దిండ్లు, పైన తగ్గించుకునే బల్బు. తాటాకు విసనకర్ర ఒకటి, నున్నటి గులకరాళ్ళ గిన్నె ఒకటి, పీచు తాడు ముడులు కొన్ని. మూడేళ్ళలోపు పిల్లలుండే అంగన్‌వాడీలో గులకరాళ్ళూ చింతగింజలూ పెట్టకూడదు. చింతగింజ ముక్కులోకి ఎక్కించుకున్న పిల్లలని ప్రతి ఊళ్ళో చూశాం. బరువు సంచులూ బరువు దుప్పట్లూ థెరపిస్టుని అడగకుండా వేయకూడదు.

ఆ మూలకి ఒకటే షరతు. అల్లరి చేసినవాణ్ణి అక్కడికి పంపించకూడదు. శిక్ష పడే చోటైతే మా పాప ఇక అటు చూడదు. పైగా అక్కడికి ఎవరైనా వెళ్ళొచ్చు. ఇంట్లో నాన్న తాగొచ్చి గొడవ చేసిన రాత్రి తర్వాత పొద్దున్నే బడికి వచ్చిన పిల్లాడికీ అది కావాలి. ప్రత్యేక అవసరాల పిల్లల మూల అని బోర్డు రాశారా, ఇక అంతే సంగతులు.

హుక్కుల దగ్గరికి వస్తాను. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే.

మనలో ఉయ్యాలలో వేయని పిల్ల ఉండదు. దానికి ఒక వేడుక, దానికి పాటలు, దానికి దూలం. చీర ఉయ్యాల పిల్లని నాలుగు వైపులా అదిమి పట్టుకుని మెల్లగా ఊపుతుంది. ఇప్పుడు థెరపీ సెంటర్లలో లైక్రా స్వింగ్ అని వేలు పోసి కొనే సాగేగుడ్డ ఉయ్యాల దాదాపు అదే పని చేస్తుంది. నెమ్మదిగా ముందుకీ వెనక్కీ ఊపితే చాలామంది పిల్లలు కుదురుకుంటారు. గిరగిర తిప్పితే రేగుతారు, కొందరికి వాంతులు. ఫిట్స్ వచ్చే పిల్లలకి డాక్టరుని అడిగే ఊపాలి. మా పాపకి ఐదేళ్ళు వచ్చేదాకా ఇంట్లో చీర ఉయ్యాల తీయలేదు. బడిలో కూడా పది నిమిషాలు ఊగితే గంటసేపు బల్ల దగ్గర కూర్చుంటుందని టీచరమ్మకి చెప్పాను. ఆమె సరేనంది. కట్టడానికి చోటు లేదు.

కట్టింది నేనే కదా. స్లాబులో ఫ్యాను హుక్కులు రెండున్నాయి, అంతే. ఫ్యాను హుక్కుకి ఉయ్యాల కట్టొద్దని చేతులెత్తి దండం పెడుతున్నాను. తాడు నేలకి సమాంతరంగా వచ్చేంత ఎత్తుకి ఊగి, అట్టడుగుకి వచ్చినప్పుడు తాడు మీద మనిషి బరువుకి మూడు రెట్లు పడుతుందని ఇంటర్ ఫిజిక్సే చెబుతుంది. దానికి తోడు ఇంకో ఇద్దరు ఎక్కి వేలాడతారు, పిల్లలు పిల్లలే. తర్వాత స్లాబుకి డ్రిల్లు వేసి యాంకర్ బోల్టు బిగించొచ్చు, కానీ కింద ఏ కడ్డీ ఉందో, ఎక్కడ కరెంటు పైపు ఉందో తెలియక బడివాళ్ళు భయపడతారు. ఆ భయం సబబే.

స్లాబు పోసేరోజు అయితే ఇది పావుగంట పని. కడ్డీలు కట్టాక, కాంక్రీటు పోయకముందు, బీము ఉన్నచోట బీములో, మందం కడ్డీని వంచి పైకడ్డీల మీదుగా వేసి కట్టేయడమే. సైజు, లోతు, ఎంత బరువుకి అన్నది మీరు లెక్క వేసి డ్రాయింగులో ఇవ్వండి. గదికి నాలుగు. రెండు ఉయ్యాలకి, ఒకటి థెరపిస్టు కట్టుకునే తాడుకి, ఒకటి మీకూ నాకూ ఇప్పుడు తోచని పనికి. స్లాబు మొత్తం ఖర్చులో ఆ ఇనుము లెక్కలోకి కూడా రాదు. మరిచిపోతే మాత్రం ఆ భవనం ఉన్నంతకాలం లేనట్టే.

ఆరుబయట సంగతులు మీకు నాకంటే బాగా తెలుసు, అయినా కొన్ని చెబుతాను. మా రెంటచింతల పేరు ప్రతి వేసవీ ఎండల వార్తల్లో వస్తుంది. ఒంటిపూట బడుల్లో పదింటికల్లా ఇనుప జారుడుబల్ల పెనంలా కాలుతుంది. కాలు సరిగా కదలని పిల్ల దాని మీద నుంచి చటుక్కున లేవలేదు. ఉత్తరం వైపుకి తిప్పి పెడితే సరిపోతుందని పుస్తకాల్లో ఉంటుంది. అవి చలి దేశాల పుస్తకాలు. ఏప్రిల్, మే నెలల్లో మనకి మధ్యాహ్నం ఎండ నడినెత్తినే పడుతుంది, ఏ దిక్కుకి తిప్పినా నీడ లేకపోతే ఒకటే. కాబట్టి ప్లాన్‌లో ముందు చెట్టు ఎక్కడుందో గుర్తించి, దాని కింద ఆటస్థలం గీయండి. నేను కట్టిన బడుల్లో మూడుచోట్ల వేపచెట్టు కొట్టేసి ఆటస్థలం చదును చేశాం. నల్ల రబ్బరు టైల్స్ కూడా ఎండకి అంతే కాలతాయి. నేలకి మన మాచర్ల నాపరాళ్ళు పాలిష్ లేకుండా వేస్తే మెరుపు ఉండదు, జారదు, పాదానికి గరుకు తెలుస్తుంది. చూపు మందగించిన పిల్లకి మెరిసే టైల్ మీద పడ్డ వెలుగు నీళ్ళలా కనిపిస్తుంది, అడుగు వేయడానికి భయపడుతుంది.

ఇసుక తొట్టికి రోబో శాండ్ తోలకండి. కంకర నలగ్గొట్టిన పొడి అది, గీసుకుంటుంది, దుమ్ము లేస్తుంది. ఏటి ఇసుకే కావాలి, రాత్రికి పైన మూత కావాలి, లేకపోతే ఊళ్ళో కుక్కలన్నిటికీ అదే మరుగుదొడ్డి. తొట్టిలో సగం నేల మీద ఉంచి, సగం బల్ల ఎత్తుకి లేపి, కింద మోకాళ్ళు దూరేంత ఖాళీ వదిలితే చక్రాల కుర్చీలో పిల్లవాడు, నేల మీద కూర్చున్న పిల్లవాడు ఒకే గుట్ట కట్టొచ్చు. బెంగళూరులో కిలికిలి అని తల్లిదండ్రులు పెట్టుకున్న సంస్థ ఉంది. కోల్స్ పార్కు లాంటి ఊరుమ్మడి పార్కుల్లోనే అందరు పిల్లలూ కలిసి ఆడుకునే చోట్లు చేయించింది. వాళ్ళు వేరే పార్కు అడగలేదు, ఉన్న పార్కులోనే చోటు అడిగారు.

ర్యాంపు గురించి నా తప్పు ఒప్పుకోవాలి. గచ్చు ఎత్తు అడుగున్నర అయితే, ఒకటికి పన్నెండు లెక్కన 18 అడుగుల ర్యాంపు రావాలి. నేను చాలాచోట్ల ఎనిమిది అడుగుల్లో ముగించాను, చోటు లేదని. చివర్లో తులసి కుండీ కూడా పెట్టారు ఒకచోట. ఇసుక తట్ట మోసే కూలీలే ఆ ర్యాంపు మీద ముందుకి వంగి నడిచారు. మీరు టిక్కు పెట్టారు, నేను బిల్లు పెట్టాను.

ఇంకొకటి ఉంది, ఇది ప్రాణాల మీది మాట. మా పాపలాంటి పిల్లలు చాలామంది చెప్పకుండా పరుగెత్తిపోతారు, నీళ్ళు కనపడితే అటే వెళతారు. బడిలో నీళ్ళ సంపు మీద కడప బండ సగం జరిపి ఉండటం నేనే ఎన్నోసార్లు చూశాను. తాళం వేయాల్సింది దానికి. గేటుకి పెద్దవాళ్ళ ఎత్తులో రెండో గొళ్ళెం పెట్టండి.

వెలుగు గురించి క్లుప్తంగా. పాత చోకు ట్యూబులైట్లు సెకనుకి వందసార్లు మినుకుతాయి. మన కంటికి తెలియదు, కొందరు పిల్లలకి అది తలనొప్పి. ఎల్ఈడీల్లో కూడా చౌకరకం అంతే చేస్తుంది, మొబైల్ కెమెరాతో చూస్తే చారలు కనపడతాయి. గోడల బొమ్మలకీ హద్దు పెట్టండి. భవనమే బోధన సామగ్రి కావాలనే ‘బాల’ పద్ధతి నాకు చాలా ఇష్టం. తలుపు తెరుచుకునే నేల మీద కోణాలు గీయడం, కిటికీ గ్రిల్లుని వేలితో దిద్దే అక్షరంగా వంచడం, ఇవి కట్టేవాడి తెలివికి పని పెడతాయి. మనవాళ్ళు అందులోంచి రంగులొక్కటే తీసుకున్నారు. నాలుగు గోడల నిండా కార్టూన్లు, పండ్లు, రాష్ట్రపటాలు, నీతివాక్యాలు. టీచరు నిలబడే గోడ ఒక్కటైనా ఖాళీగా, ఒకే లేతరంగులో వదలండి.

చట్టం సంగతి మీకు చెప్పేటంతటివాణ్ణి కాను. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలని గుర్తించింది, అందులో ఆటిజం ఉంది. సర్కారు డబ్బుతో నడిచే బడుల్లో భవనాలు, ఆవరణ, సదుపాయాలు అందరికీ అందాలని రాసింది. 2024 నవంబరులో రాజీవ్ రటూరి వేసిన కేసులో సుప్రీంకోర్టు, దివ్యాంగులకి అందుబాటు గురించిన ఈ ప్రమాణాలు ‘వీలైతే పాటించండి’ అన్నట్టు ఉంటే కుదరదు, తప్పనిసరి నియమాలు వేరుగా రాయండి అని కేంద్రానికి చెప్పింది. ఆ తీర్పుకి ముందు దేశంలో పరిస్థితి ఎలా ఉందో చూసి నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో ఉన్న వైకల్య అధ్యయన కేంద్రమే. అంగన్‌వాడీలకి కూడా దివ్యాంగ పిల్లల కోసం 2023లో కేంద్రం ఒక ప్రోటోకాల్ ఇచ్చింది. కాగితాలకి లోటు లేదు. నేను చూసినంతలో ర్యాంపుకి కొలత దొరికింది, చప్పట్లకి దొరకలేదు. అందుకే ఈ గోల.

మీ నుంచి నేను కోరేది పెద్ద పని కాదు. ప్లాను గీసేముందు ఒక్క పూట, పన్నెండు నుంచి ఒంటిగంట దాకా, నడుస్తున్న ఏదైనా బడిలో కూర్చోండి. పక్కన ఆయమ్మని, ప్రత్యేక అవసరాల పిల్లలకి చెప్పే సహిత విద్య టీచరుని, ఇలాంటి పిల్ల ఉన్న తల్లిని కూర్చోబెట్టుకోండి. తండ్రులు మాటలు ఎక్కువ చెబుతారు, తల్లులకి విషయం తెలుసు. వాళ్ళు చెప్పినవాటిలో సగం ఖర్చు లేనివే ఉంటాయి. మిగతా సగానికి ఎస్టిమేట్‌లో ఒక పద్దు రాయండి. గది అప్పగించే రోజు లైట్లు, కుళాయిలు పరీక్షించినట్టే మధ్యలో నిలబడి ఒకసారి చప్పట్లు కొట్టండి.

వచ్చే గురువారం ఒక అంగన్‌వాడీకి స్లాబు ఉంది. డ్రాయింగులో హుక్కులు లేవు. అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) గారిని అడిగితే “అప్రూవల్ లేకుండా ఎలాగయ్యా” అన్నారు, కానీ వద్దనలేదు, పైకి రాస్తానన్నారు. బార్ బెండింగ్ మేస్త్రీ నాలుగు ముక్కలు కోసి వంచి నా బండి డిక్కీలో పడేశాడు. బుధవారం సాయంత్రం దాకా వాటిని అక్కడే ఉంచుతాను.

ఇట్లు,
పల్నాడు నుంచి ఒక సైట్ సూపర్‌వైజర్